లేని పుస్తకం, నూట పన్నెండో పేజీ

కరుణశ్రీ ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ లైబ్రేరియన్. ఉండేది ఆర్మూర్‌లో, మామిడిపల్లి చౌరస్తాకు దగ్గర, తల్లి శంకరమ్మతో, భర్త సురేశ్‌తో. సురేశ్ హైవే మీద బస్సు నడుపుతాడు. డ్యూటీ లేని రోజు వంట అతనిదే. పోయినేడు విశ్వవిద్యాలయం వాళ్లు పీజీ మొదటి సంవత్సరం పిల్లలకు ఒక ఆన్‌లైన్ కోర్సు పెట్టి దాన్ని కరుణశ్రీకి అప్పగించారు. కోర్సు పేరు ‘సమాచార అన్వేషణ నైపుణ్యాలు’. అంత పేరు నోరు తిరగక పిల్లలు దాన్ని ‘గూగుల్ క్లాసు’ అన్నారు. పాలు మరిచిన నాటి నుంచి ఫోను పట్టినవాళ్లకు వెతకడం నేర్పేదేముందని మొదటి రోజే ఒకరు చాట్‌లో అడిగారు కూడా.

పసుపు పంటకు తెగులు తగిలింది, ఏం చేయాలో వెతికి చెప్పండి అంది కరుణశ్రీ. ధర్పల్లి నుంచి క్లాసు వినే వర్షిత అందరికంటే ముందు ‘పసుపు రోగం’ అని కొట్టి, వచ్చింది వచ్చినట్టు గట్టిగా చదివింది. పచ్చకామెర్లకు నాటుమందు, పసుపు పాలతో జలుబు మాయం, కళ్లు పచ్చబడితే ఏ డాక్టరు దగ్గరికి పోవాలి. క్లాసంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ వర్షితే నవ్వింది. మీ ఇంట్లో ఆ తెగులును ఏమంటారని కరుణశ్రీ అడిగితే, తండ్రిని కేకేసి కనుక్కుని ‘దుంపకుళ్లు’ అని మళ్లీ కొట్టింది. ఈసారి వ్యవసాయ పరిశోధన కేంద్రాల సలహాలు వరసగా వచ్చాయి. కొట్టే మాటను బట్టే దొరికేది ఉంటుందని కరుణశ్రీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

క్లాసు వారానికి మూడు రోజులు, పొద్దున ఏడున్నరకు. పిల్లల్లో సగం మంది ఆ తర్వాత పొలానికో పనికో పోవాలి. కరుణశ్రీ ముందు గదిలో కుర్చీ వేసుకుని పాఠం చెబుతుంటే, శంకరమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతూనో చిక్కుడుకాయలు తుంచుతూనో అంతా వినేది. చదువు రాదు. అయినా ఎవరు శ్రద్ధగా మాట్లాడుతున్నారో, ఎవరు పక్క మీంచి లేవకుండా జవాబిస్తున్నారో గొంతును బట్టి చెప్పేసేది. ఆమె చేసిన అంచనా చాలాసార్లు నిజమయ్యేది.

శంకరమ్మ ముప్ఫై ఏళ్లు పసుపు కళ్లాల్లో పనిచేసింది. ఉడికించి ఎండబోసిన పసుపులో పొడుగాటి కొమ్ము వేరు, గుండ్రటి మండ వేరు, పురుగు తిన్న పుచ్చు వేరు చేసే పని. పని మానేసి పదేళ్లయినా ఆమె గోళ్ల చివర పసుపు పూర్తిగా పోలేదు. ఆ చేతులతోనే కూతుర్ని లైబ్రరీ సైన్సు దాకా చదివించింది.

మూడో నెలలో కరుణశ్రీ పిల్లలకు ఒక పని ఇచ్చింది. మీ ఊరికి సంబంధించిన ఏదో ఒక విషయం మీద అయిదు పేజీలు రాయాలి. కనీసం అయిదు ఆధారాలు చూపాలి. ఆధారమంటే ఏ పుస్తకం, ఎవరు రాశారు, ఎప్పుడు అచ్చయింది, ఏ పేజీ, అన్నీ ఉండాలి.

వచ్చినవాటిలో జక్రాన్‌పల్లి నుంచి ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే భూమేష్ రాసింది చూసి ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. అతని విషయం ‘ఆర్మూర్ ప్రాంతంలో పసుపు ఏరే స్త్రీలు’. భాష చక్కగా ఉంది. నాలుగో ఆధారంగా ఒక పుస్తకం ఉంది. పేరు ‘పసుపు కళ్లాల్లో మహిళా శ్రామికులు: ఆర్మూర్ అధ్యయనం’. రాసింది ఆచార్య పి. గోవర్ధనరావు. అచ్చయింది 2004లో, ప్రచురణ సంస్థ పేరు కూడా ఉంది. నూట పన్నెండో పేజీ నుంచి ఒక వాక్యం ఎత్తి రాశాడు: “ఈ స్త్రీల వేళ్లకు తెలిసిన విద్య ఏ బడిలోనూ చెప్పరు.”

ఆ వాక్యాన్ని కరుణశ్రీ రెండుసార్లు చదువుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి తల్లికి చదివి వినిపించింది. శంకరమ్మ పొయ్యి మంట తగ్గించి, ఇంకోసారి చదవమంది. తర్వాత మెల్లగా అడిగింది.

“గా బుక్కుల మా పేర్లు ఉన్నయా బిడ్డా?”

పుస్తకం చూస్తే గానీ తెలియదని, ఎట్లాగైనా తెప్పిస్తానని కరుణశ్రీ మాటిచ్చింది. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక శంకరమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పింది, మా పని మీద పెద్ద సారు ఒకాయన పుస్తకం రాసిండంట అని. సాయంత్రానికి వాడకట్టంతా తెలిసిపోయింది. పాత తోటి పనివాళ్లు ఇద్దరు ఇంటికే వచ్చి, పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగి చాయ్ తాగి వెళ్లారు.

పుస్తకం మాత్రం ఎక్కడా దొరకలేదు. కరుణశ్రీ తన విశ్వవిద్యాలయం జాబితా చూసింది. దేశంలోని గ్రంథాలయాలన్నీ కలిపి పెట్టిన జాబితా చూసింది. పేరును తెలుగులో, ఇంగ్లిష్ అక్షరాల్లో, నాలుగు రకాల స్పెల్లింగుల్లో వెతికింది. హైదరాబాద్‌లో పెద్ద గ్రంథాలయాల్లో పనిచేసే స్నేహితులకు ఫోన్ చేసింది. వాళ్లు బీరువాలు తీసి చూసి లేదన్నారు. పుస్తకం ఎక్కడ చూశావని భూమేష్‌కు మెసేజ్ పెడితే, దోస్తు దగ్గర ఉండె మేడం, వాడు వాపసు తీసుకపోయిండు అని జవాబొచ్చింది. ఆ దోస్తు నంబరు అడిగింది. దానికి జవాబు రాలేదు.

అప్పుడు ఆమెకు అర్థమైంది. పదమూడేళ్లుగా పుస్తకాల మధ్య బతుకుతున్న మనిషికి అంత ఆలస్యంగా అర్థమైనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఏఐ రాసిచ్చిన వ్యాసాల్లో లేని పుస్తకాలు ఉంటాయని పిల్లలకు రెండో వారంలో చెప్పింది తనే. అమ్మ పని గురించి ఎవరో రాశారన్న సంతోషంలో తన పాఠం తనే మరిచింది. భూమేష్‌కు సున్నా వేయడం ఒక నిమిషం పని. గడప దగ్గర కూర్చున్న శంకరమ్మకు ఏం చెప్పాలన్నదే తోచలేదు.

బుధవారం క్లాసులో ఆమె ఎవరి పేరూ ఎత్తకుండా ఆ పుస్తకం వివరాలు తెర మీద పెట్టింది. ఈ పుస్తకం నాకు కావాలి, నాలుగు రోజులుగా దొరకడం లేదు, మీరు వెతికి పెట్టండి అంది. ఎక్కడెక్కడ వెతికారో, ఏ మాటలతో వెతికారో రాసుకోమంది.

అరగంట పాటు నలభై మంది వెతికారు. అంత శ్రద్ధ ఆ క్లాసులో అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు. ముందు పుస్తకం పేరుతో, తర్వాత రచయిత పేరుతో, తర్వాత ప్రచురణ సంస్థ పేరుతో వెతికారు. ఒక గోవర్ధనరావు దొరికాడు గానీ ఆయన చేపల పెంపకం మీద రాసినవాడు. ఇంకొకాయన హోమియోపతి డాక్టరు. ప్రచురణ సంస్థ పేరుతో ఏ ఊళ్లోనూ ఏమీ లేదు. చివరికి వర్షితకు ఒక ఆలోచన వచ్చింది. ఈ పుస్తకం గురించి చెప్పమని ఏఐనే అడిగింది. అది పుస్తకాన్ని ఎంతో మెచ్చుకుని, అచ్చయిన ఏడాది 2009 అంది. ఇంకోసారి అడిగితే 1997 అని, రాసింది ఒక స్త్రీ అని చెప్పింది. ఇంతకూ ఆ పుస్తకం నిజంగా ఉందా అని నిలదీస్తే క్షమించమని, తనకు రూఢిగా తెలియదని ఒప్పుకుంది.

“ఉన్న బుక్కు అయితే అడిగినప్పుడల్లా ఇయరు మారది మేడం,” అంది వర్షిత. “గిది అసలు లేదు. ఎవరో దీనికి పేరు పెట్టిన్రు గంతే.”

కరుణశ్రీ బాగుందని, ఇంతకంటే మంచి పరిశోధన తాను చేయలేకపోయానని అంది. లేదని తేల్చడం కూడా వెతకడంలో భాగమేనని చెప్పి క్లాసు ముగించింది. అందరూ వెళ్లిపోయాక కూడా ఒక పేరు తెర మీద అట్లాగే మిగిలింది. అది భూమేష్‌ది. కాసేపటికి గొంతు వినిపించింది.

“మేడం, నేనే రాసిన. ఏఐ ఇచ్చింది, నేను చూడకుంట పెట్టేసిన. మా మక్క కోతలు నడుస్తుండె, టైం లేకుండె. దోస్తు అని చెప్పింది కూడ అబద్ధమే.”

కరుణశ్రీకి కోపం ఇంకా పోలేదు. అయినా అతను తప్పించుకోకుండా నిలబడ్డాడు. పసుపు ఏరిన మనిషి ఒకామె ఆ పుస్తకం కోసం రోజూ అడుగుతోందని, ఆమె తన తల్లి అని అతనికి చెప్పింది.

“నాకు చెప్పినవ్ సరే. మా అమ్మకు నువ్వే చెప్పాలె. ఆదివారం రా,” అంది.

ఆదివారం పదకొండింటికి భూమేష్ బస్సు దిగి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఒక సంచీ నిండా పచ్చి మొక్కజొన్న కంకులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. శంకరమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చింది. వచ్చినవాడు ఎవరో చెప్పగానే ఆమె మొహం వెలిగిపోయింది. పుస్తకం తెచ్చావా అంటూ సంచీలోకి చూసింది. భూమేష్ కంకుల సంచీ కింద పెట్టి, నేల చూస్తూ జరిగింది చెప్పాడు. పుస్తకం లేదని, ఆ పెద్ద సారు లేడని, నూట పన్నెండో పేజీ లేదని, ఫోన్‌లో యంత్రం అల్లి ఇస్తే తాను తన పేరు పెట్టుకున్నానని చెప్పాడు. చివరికి చేతులు జోడించాడు.

కరుణశ్రీ వంటింటి తలుపు దగ్గర నిలబడింది. శంకరమ్మ మంచం మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తుందేమోనని కూతురు ఒక అడుగు ముందుకేసింది. శంకరమ్మ భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

“నేను వాడకట్టంత చెప్పుకుంటి గదరా. ఇగ వాళ్ల మొకాలు ఎట్ల సూడాలె?” అంది. ఇంకాసేపు నవ్వి, చేత్తో తన పక్కన మంచం మీద తట్టింది. “ఎవ్వలు రాయలేదంటె ఇంక మంచిదే. రాసేదేందో నన్ను అడిగి రాయి. నేను ఇంక సచ్చిపోలే గద. కూసో.”

భూమేష్ కూర్చున్నాడు. కరుణశ్రీ అతని చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చింది. ఫోన్‌లో రికార్డు చేసే ముందు శంకరమ్మ అనుమతి తీసుకోమని చెప్పింది. సురేశ్ కంకులు కాల్చి తెచ్చాడు. ఆ పూట శంకరమ్మ మూడు గంటలు మాట్లాడింది. కొమ్మును విరిస్తే వచ్చే చప్పుడును బట్టి ఎండిందో లేదో ఎట్లా తెలుస్తుందో చెప్పింది. చాటలో పసుపును రెండుసార్లు ఎగరేస్తే చాలు, తేలికైన పుచ్చు దానంతట అదే అంచుకు వస్తుందని చేసి చూపించింది. భూమేష్‌ది పసుపు పండించే ఇల్లే. అయినా ఇవేవీ అతనికి తెలియవు. వాళ్ల పసుపు కళ్లానికి చేరేదాకానే అతను చూశాడు.

అన్నిటికంటే ఆమె ఇష్టంగా చెప్పింది వాన కథ. ఈస్టర్ పండుగ మర్నాడు జరిగిందట. ఊరి బయట పెద్ద కళ్లంలో నాలుగైదు ఊళ్ల రైతుల పసుపు ఎండబోసి ఉంది. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగే ఎండ. ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలిదుమారం లేచింది. తడిస్తే పసుపు రంగు పోయి ఎందుకూ పనికిరాదు. రైతులు అన్నాలకు పోయారు. కళ్లంలో ఆడవాళ్లే ఉన్నారు. కప్పడానికి ఉన్న తాటిపత్రులు సగం పసుపుకు కూడా సరిపోలేదు. పక్క గల్లీలో శంకరమ్మ స్నేహితురాలు సత్తవ్వ ఇంట్లో ఆడబిడ్డ పెళ్లి జరుగుతోంది. ఎవరికి తట్టిందో గానీ అందరూ అక్కడికి పరుగెత్తారు. సత్తవ్వ విషయం విని, పందిట్లో భోజనాలు నడుస్తుండగానే తనే ముందు షామియానా తాడు విప్పింది. చుట్టాలు విస్తళ్లు పట్టుకుని ఇంట్లోకి ఉరికారు. ఆ షామియానా మోసుకొచ్చి పసుపు మీద కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద పందొమ్మిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. గంటసేపు వాన వాళ్ల నెత్తి మీదే కురిసింది. పసుపు గింజంత తడవలేదు.

“పేపరాయన గూడ వచ్చిండు,” అంది శంకరమ్మ. “ఫోటువ తీసిండు. పేపర్ల వచ్చిందో రాలేదో మాకు తెల్వది. సదివేటోళ్లు ఎవ్వలున్నరు గప్పుడు?”

భూమేష్ రాయడం ఆపి తలెత్తి కరుణశ్రీ వైపు చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. ఈ కథ చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. పేపరు సంగతి మాత్రం తల్లి ఎప్పుడూ చెప్పలేదు.

ఎప్పుడు జరిగిందంటే శంకరమ్మ ఏడాది చెప్పలేకపోయింది. కరుణ నాలుగో తరగతిల ఉండె అంది. కరుణశ్రీ లెక్కేసి, అయితే రెండు వేల సంవత్సరం అంది. ఈస్టర్ ఏ తారీఖని భూమేష్ అడిగాడు. క్రిస్మస్ లాగా అది కూడా ఏటా ఒకే రోజు వస్తుందనుకున్నాడు. ఈస్టర్ ఏటేటా మారుతుందని, ఏ ఏడాది ఎప్పుడొచ్చిందో వెతికి పట్టుకోవడం తన పనేనని కరుణశ్రీ చెప్పింది. అయిదు నిమిషాల్లో పట్టుకున్నాడు. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ ఇరవై మూడు. అంటే వాన ఇరవై నాలుగున. వార్త వస్తే ఇరవై అయిదున రావాలి.

పాతికేళ్ల కిందటి జిల్లా పేజీలు ఇంటర్నెట్‌లో లేవు. ఫోన్లో దొరకనివి కూడా ప్రపంచంలో చాలా ఉన్నాయని తెలుసుకుని భూమేష్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. నిజామాబాద్‌లో ఒక పాత గ్రంథాలయంలో పత్రికలు బైండు చేసి దాచారని కరుణశ్రీ చెప్పింది. అక్కడి ఉద్యోగి నాగేందర్‌కు ఫోన్ చేసి, మా పిల్లవాడు వస్తున్నాడు, దుమ్ముకు తుమ్ముతాడేమో, వెళ్లగొట్టకు అని కూడా చెప్పింది.

భూమేష్ మంగళవారం పోయాడు. మూడు పత్రికల ఏప్రిల్ సంపుటాలు దించి ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు తారీఖులు అక్షరం అక్షరం చూశాడు. ఎక్కడా లేదు. ఎండలు మండిపోతున్నాయనే వార్తలే ఉన్నాయి. సాయంత్రం ఆర్మూర్ బస్సులోంచే కరుణశ్రీకి ఫోన్ చేసి, అవ్వ మరిచిపోయి ఉంటుంది మేడం అన్నాడు. కరుణశ్రీ అది తల్లితో అంది. శంకరమ్మకు రోషం వచ్చింది.

“నేను మరుస్తనా? నువ్వు మూడు పాసయి నాలుగుకు వచ్చినవ్. సంబురంతోని గా దినం నాకు సద్ది గూడ నువ్వే తెచ్చినవ్.”

మూడు పాసవడమంటే పరీక్షలు ముగిసిన వేసవి. బడి లెక్కలో అది ఇంకా మూడో తరగతే. తల్లి లెక్కలో మాత్రం కూతురు అప్పుడే నాలుగుకు వచ్చేసింది. కరుణశ్రీ నవ్వుకుని భూమేష్‌కు ఒక్క ముక్క మెసేజ్ పెట్టింది, ఒక ఏడాది వెనక్కి పొమ్మని. 1999లో ఈస్టర్ ఏప్రిల్ నాలుగు. వాన అయిదున. చూడాల్సింది ఆరో తారీఖు పత్రిక.

గురువారం మధ్యాహ్నం కరుణశ్రీ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉండగా ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. పసుపుపచ్చగా మారిన కాగితం మీద రెండు అంగుళాల వార్త. ‘అకాల వర్షం.. పసుపును కాపాడిన కూలీలు’. కింద మసకబారిన బొమ్మ. షామియానా అంచు మీద తడిసి ముద్దయి కూర్చున్న ఆడవాళ్ల వరస. ఎడమ నుంచి మూడో మనిషి కొంగు నెత్తి మీదికి లాక్కుని, కెమెరా వైపు చూస్తూ పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతోంది. ఇరవై ఆరేళ్ల కిందటి తన తల్లిని కరుణశ్రీ గుర్తుపట్టింది. బల్ల మీద పనంతా అట్లాగే వదిలి లేచి బయటికొచ్చింది. చెట్టు కింద నిలబడి ఫోటోను పెద్దది చేసి చూస్తూ, చాలాసేపు ఎవరి ఫోనూ ఎత్తలేదు.

చివరికి భూమేష్ చేసినప్పుడు ఎత్తింది. మహిళలు అని వెతికితే దొరకకపోయేదట. పేపరువాళ్లు ‘కూలీలు’ అని మాత్రమే రాశారు, బొమ్మ చూస్తే గానీ ఆడవాళ్లని తెలియదు అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. “పదకొండు మంది అని రాసిన్రు మేడం. అవ్వేమో పందొమ్మిది అన్నది. ఏది రాయాలె?”

సాయంత్రం ఆ వార్త చదివి వినిపిస్తే శంకరమ్మ ముందు బొమ్మను ముద్దు పెట్టుకుంది. తర్వాత పేపరును తిట్టింది. పదకొండు మంది అంత షామియానాను ఆపగలరా అని అడిగింది. వేళ్ల మీద పేర్లు చెప్పుకుంటూ పోయి పందొమ్మిది దగ్గర ఆగింది. పేపరులో అచ్చయింది కాబట్టి నిజమనీ, మా అమ్మ చెప్పింది కాబట్టి నిజమనీ అనుకోవద్దని కరుణశ్రీ భూమేష్‌కు చెప్పింది. ఆనాటి సంగతి తెలిసిన మూడో మనిషిని అడగాలి. మూడో మనిషి ఎవరో ముగ్గురికీ తెలుసు. సత్తవ్వ కొన్నేళ్లుగా ముప్కాల్‌లో కొడుకు దగ్గర ఉంటోంది.

ఆ ఆదివారం సురేశ్ సెలవు పెట్టాడు. రోజూ బస్సు నడిపేవాడు ఆ రోజు సీట్లో కూర్చుని డ్రైవరుకు సలహాలు ఇస్తూ వచ్చాడు. శంకరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కరుణశ్రీ ఆ బొమ్మను పెద్దగా ప్రింటు తీయించి అట్టకు అంటించింది, అది శంకరమ్మ ఒళ్లో ఉంది. టికెట్ కొట్టడానికి వచ్చిన కండక్టరుకు, వెనక సీటు ఆమెకు, జక్రాన్‌పల్లి నుంచి వచ్చి వీళ్లతో కలిసిన భూమేష్‌కు, అందరికీ చూపించింది. ఆ బొమ్మను వెతికి తెచ్చిందే భూమేష్. అయినా కొత్తగా చూస్తున్నట్టే చూశాడు.

సత్తవ్వ ఇంటి ముందు వరి కుప్పల పక్కన మంచాలు వేశారు. ఇద్దరు ముసలివాళ్లూ ఎనిమిదేళ్ల తర్వాత కలుసుకున్నారు. ఒకరి మోకాళ్ల నొప్పుల గురించి ఇంకొకరు అడిగారు. పోయినవాళ్లను తలుచుకున్నారు. తర్వాత సత్తవ్వ బొమ్మను మొహం దగ్గరికి తెచ్చుకుని చూసి, నేనేది అంది. నువ్వు ఇందులో లేవు కదా, నువ్వు పెళ్లింట్లో ఉన్నావు అంది శంకరమ్మ.

సత్తవ్వ ఒప్పుకోలేదు. షామియానా విప్పింది తనేనని, విప్పి ఊరుకోకుండా వెంట వచ్చి మూల మీద కూర్చున్నది కూడా తనేనని చెప్పింది. పట్టుచీర తడిసి రంగు దిగితే అత్త తిట్టిందని గుర్తు చేసింది. పేపరాయన వాన మొదట్లోనే వచ్చి ఒక బొమ్మ తీసుకుని పోయాడట. అప్పటికి తనతో కలిపి కొందరు ఇంకో షామియానా కోసం మళ్లీ పెళ్లింటికి పోయారు. అందుకే పదకొండు మంది కనబడ్డారు. తనతో పాటు పెళ్లికొచ్చిన ఆడ చుట్టాలు ముగ్గురు కూడా వచ్చి కూర్చున్నారని, అందరినీ కలిపితే ఇరవై మూడని తేల్చింది.

“చుట్టాలు కూసున్నరా? గాళ్లు అరుగు మీద నిలబడి సూసిన్రు,” అంది శంకరమ్మ.

“మా పెద్దాడబిడ్డ కూసున్నది. గామెనే అడుగు. ఇప్పటికీ గా ముచ్చటే చెప్తది.”

“ఆమె యాడుంటది అవ్వా?” అని భూమేష్ అడిగాడు. పెన్ను అప్పటికే తెరిచి ఉంది.

ఊరి పేరు చెప్పాక ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎవరు ఏ మూలన కూర్చున్నారో మంచం మీద వేలితో గీసుకున్నారు. ఒక పేరు దగ్గర పోట్లాడుకుని, ఇంకో పేరు దగ్గర కొంగు కళ్లకు అద్దుకుని, దాని తర్వాతి పేరుకు పడీ పడీ నవ్వారు. భూమేష్ అన్ని పేర్లూ రాసుకున్నాడు. పేపరు పదకొండు అంది, శంకరమ్మ పందొమ్మిది అంది, సత్తవ్వ ఇరవై మూడు అంది, మూడూ పక్కపక్కన పెట్టి ఏది ఎందుకు నమ్మవచ్చో కింద రాయబోతున్నానని కరుణశ్రీకి చెప్పాడు. అట్లా రాస్తే మార్కులు పోతాయా అని అడిగాడు. పోవని ఆమె అంది. అయిదు పేజీలకు మించితేనో అంటే, ఎన్ని పేజీలయినా రాయమంది.

సత్తవ్వ కోడలు అన్నానికి రమ్మని మూడోసారి పిలిచింది. పందొమ్మిదో పేరు మీద పోట్లాట ఇంకా తేలలేదు కాబట్టి ఎవరూ లేవలేదు.